పది రోజుల హనీమూన్‌కి ఐదు దీవులు ఎక్కువా?

నవంబర్‌లో థాయ్‌లాండ్ వెళ్తున్నాం. ఫుకెట్, ఫీఫీ, లాంటా, సముయ్, టావ్ అన్నీ రాసుకుంటే మా ఆయన నవ్వుతున్నాడు. నిజంగా ఎక్కువైందా?

— నవ్వడా మరి! సముయ్, టావ్ తీసేయండి, అవి తూర్పున గల్ఫ్ ఆఫ్ థాయ్‌లాండ్ వైపు, నవంబర్‌లో అక్కడ వానలు. ఫుకెట్ వైపు వానలు అప్పటికి తగ్గుముఖం పడతాయి.

— దీవి మారిన ప్రతిసారీ సగం రోజు పోతుందండీ, ఫెర్రీలో కూర్చునేది రెండు గంటలే అయినా సర్దుకోవడం, రేవు దగ్గర ఎదురుచూపులు కలిపితే అంతే. మేం రైలే అనే బీచ్‌లో పడవ దిగింది మోకాళ్ల లోతు నీళ్లలో, సూట్‌కేస్ నెత్తిన పెట్టుకుని! బ్యాక్‌ప్యాక్ తీసుకెళ్లండి. ఫీఫీలో కార్లుండవు, సామాను తోపుడు బండి మీదే.

— సరే, మూడే. ఆయనకి మాత్రం చెప్పను.