వీడియోల ఫోల్డర్ తెరిస్తే ఎక్స్‌ప్లోరర్ కూలిపోతోంది: ఫార్మాట్ చేయించాలా, దొంగను పట్టుకోవాలా?

తెనాలి స్టూడియో:
పెళ్లి వీడియోలు తీసే పని నాది. విండోస్ 10 ఉన్న కంప్యూటర్‌లో 140 ఫైళ్ల ఫోల్డర్ ఒకటి ఉంది. ఫైళ్లు చూపే విండోస్ ప్రోగ్రాం ఎక్స్‌ప్లోరర్‌లో దాన్ని తెరవగానే పైన ఆకుపచ్చ గీత కదులుతుంది, నాలుగైదు వీడియోలకు చిన్న బొమ్మలు వస్తాయి, అంతలో విండో మాయం. కింది టాస్క్‌బార్ కూడా పోయి క్షణంలో తిరిగి వస్తుంది. మిగతా ఫోల్డర్లకు ఏ జబ్బూ లేదు. వీఎల్‌సీ ప్లేయర్‌లో దాచుకున్న ప్లేలిస్టు నుంచి ఆడిస్తే వీడియోలన్నీ చక్కగా ఆడుతున్నాయి. రిపేరు షాపుకు తీసుకెళ్తే మూత కూడా విప్పకుండా ఫార్మాట్ చేద్దామన్నారు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు, ప్లగిన్లు, తెలుగు ఫాంట్లు అన్నీ మళ్లీ ఎక్కించుకోవడానికి నాకు రెండు రోజులు పడుతుంది. ముహూర్తాల రోజులు. ఫార్మాట్ తప్పదా?

స్క్రూడ్రైవర్:
నేనూ షాపు నడిపేవాడినే. ఫార్మాట్ అనగానే మమ్మల్ని సోమరులనుకుంటారు. మీ కంప్యూటర్‌లో ఆరేళ్లుగా ఎవరెవరు ఏమేమి ఎక్కించారో మీకే తెలియదు, మాకెలా తెలుస్తుంది? కారణం వెతుకుతూ మూడు రోజులు కూర్చుంటే ఆ మూడు రోజుల కూలీ ఎవరిస్తారు? ఫార్మాట్ అయితే సాయంత్రానికి యంత్రం మీ చేతిలో ఉంటుంది. పైగా విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఎలాగూ మార్చాల్సినదే.

అర్ధరాత్రి కోడర్:
తొందరపడకండి, ముందు ఒక నిమిషం పరీక్ష చేయండి. ఫోల్డర్ ఆప్షన్లలో వ్యూ అనే పేజీకి వెళ్లి, థంబ్‌నెయిళ్లు వద్దు, ఐకన్లే చూపించు అనే మొదటి గడిలో టిక్కు పెట్టండి. ఇప్పుడు ఫోల్డర్ నిలబడితే గొడవంతా ఆ చిన్న బొమ్మలది.

ఆ బొమ్మ ఊరికే రాదు. ఎవరో ఒకరు వీడియో ఫైలు తెరిచి, లోపలి కుదింపును విప్పి, ఒక ఫ్రేమును బయటికి లాగాలి. ఆ పని చేసేది విండోసే కానక్కర్లేదు. మీరెప్పుడో ఎక్కించిన కోడెక్ ప్యాక్ (రకరకాల వీడియోల కుదింపును విప్పే భాగాల మూట) "ఈ రకం ఫైళ్లకు బొమ్మ నేను గీస్తాను" అని విండోస్ సెట్టింగుల ఖాతా అయిన రిజిస్ట్రీలో పేరు రాయించుకుని ఉంటుంది. మీరు వీడియో మీద క్లిక్ చేయకపోయినా, ఫోల్డర్ తెరిచిన మరుక్షణం దానికి పిలుపు వెళ్తుంది. వీఎల్‌సీ కుదింపు విప్పే తన డీకోడర్లను తన సంచిలోనే మోసుకు తిరుగుతుంది కాబట్టి దానికి ఈ గొడవ అంటదు.

విండోస్ విస్టా నుంచి ఈ బొమ్మలు గీసే పనిని మామూలుగా కామ్ సరోగేట్ అనే వేరే ప్రాసెస్‌కు (విడిగా నడిచే ప్రోగ్రాముకు) అప్పగిస్తున్నారు. చస్తే అది చస్తుంది, ఎక్స్‌ప్లోరర్ బతుకుతుంది. కానీ మీ దగ్గర ఎక్స్‌ప్లోరరే పోతోంది. అంటే ఆ బొమ్మలు గీసే భాగం "నన్ను వేరుగా ఉంచవద్దు" అని నమోదు చేసుకునైనా ఉండాలి (అలాంటి సదుపాయం నిజంగానే ఉంది), లేదా నిడివి, ఫ్రేము కొలతలు చదివే మరో భాగమైనా కావాలి. విండోస్ తన లోపాలను నమోదు చేసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్‌లో 1000 నంబరు ఎర్ర గుర్తులు చూడండి. అందులో ఫాల్టింగ్ మాడ్యూల్ అన్నచోట దొంగ పేరు రాసి ఉంటుంది.

పెంగ్విన్ పక్షం:
దొంగను ఇంట్లోకి రానిచ్చినవాడిని ఏమనాలి? ఎవరో రాసిన కోడ్‌ను ఎక్స్‌ప్లోరర్ తన సొంత ప్రాసెస్‌లో కూర్చోబెట్టుకుంటుంది, అది కూలితే డెస్క్‌టాప్ మొత్తం కూలుతుంది. ఇది విండోస్ తప్పు, కోడెక్‌ది కాదు. లైనక్స్‌లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్ తయారుచేసేవారు 2017లోనే ఈ బొమ్మలు గీసే ప్రోగ్రాములను, మిగతా వ్యవస్థను తాకకుండా, శాండ్‌బాక్స్‌లో బంధించారు.

అర్ధరాత్రి కోడర్:
అదే 2017లో గ్నోమ్ కోసం ఎవరో రాసిన ఒక థంబ్‌నెయిలర్‌లో (చిన్న బొమ్మలు గీసే ప్రోగ్రాములో) లోపం బయటపడింది. విండోస్ ఇన్‌స్టాలర్ ఫైలు పేరులో స్క్రిప్టు ఇరికిస్తే, ఫోల్డర్ తెరవగానే ఆ స్క్రిప్టు నడిచేది. వీడియోల సంగతికే వస్తే, 2015లో ఆండ్రాయిడ్‌లో వీడియోలు చదివే స్టేజ్‌ఫ్రైట్ అనే భాగంలో లోపాలు బయటపడ్డాయి. ఎమ్మెమ్మెస్‌లో వచ్చిన వీడియోను ఫోను తనంతట తాను చదవబోతే చాలు, ముప్పు. తెలియని వీడియోను విప్పడం ఏ ఇంట్లోనైనా ప్రమాదకరమైన పనే. గోడ కట్టాలన్న మీ మాట మాత్రం ఒప్పుకుంటాను.

లెక్కల టీచర్:
విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో నాకూ ఇదే జరిగింది. సగం దిగి ఆగిపోయిన ఒక ఏవీఐ ఫైలు ఉండేది. ఫోల్డర్ తెరిస్తే కంప్యూటర్ కొయ్యబారిపోయేది. తీసేద్దామంటే ఫైలు వాడుకలో ఉంది, కుదరదనేది. వాడుతున్నది ఎక్స్‌ప్లోరరే! చివరికి కమాండ్ ప్రాంప్ట్ నుంచి తీసేశాను. వీడియోల వివరాలు చదివే ఎస్‌హెచ్‌మీడియా అనే డీఎల్ఎల్ ఫైలు (ప్రోగ్రాములు పిలిచి వాడుకునే కోడ్ ఉండే ఫైలు) నమోదును రద్దు చేయడం ఆ కాలంలో అందరూ చెప్పుకున్న చిట్కా.

తెనాలి వారు ఇంకొకటి చేయవచ్చు. బొమ్మలు ఆపి, ఫైళ్లలో సగం వేరే ఫోల్డర్‌లోకి మార్చండి. బొమ్మలు మళ్లీ పెట్టి రెండూ తెరిచి చూడండి. ఏ సగం కూలితే దాన్ని మళ్లీ సగం చేయండి. దోషి ఒక్కటే అయితే 140 ఫైళ్లకు ఎనిమిది సార్లకు మించి పట్టదు. పదో తరగతి పిల్లలకు సంవర్గమానాలు ఎందుకు సార్ అంటే నేను చెప్పే ఉదాహరణల్లో ఇదీ చేరుస్తాను.

స్క్రూడ్రైవర్:
అందరూ సాఫ్ట్‌వేరు గురించే మాట్లాడుతున్నారు. హార్డ్‌డిస్కు పోతుంటేనో? పాడైన సెక్టార్ల మీద ఉన్న వీడియోను చదవబోయి ఎక్స్‌ప్లోరర్ బిగుసుకుపోవడం మా బల్ల మీద ఎన్నిసార్లు చూశానో. ఆ స్థితిలో సగాలు చేస్తూ ఫైళ్లు అటూ ఇటూ జరిపితే ఉన్నవీ పోతాయి. ముందు మొత్తం ఫోల్డర్‌ను వేరే డిస్కుకు కాపీ చేయండి. కాపీ ఒక ఫైలు దగ్గర ఆగి లోపం చూపిస్తే డిస్కు మార్చాల్సిందే. అక్కడ నా ఫార్మాటూ పనిచేయదు, మీ ఈవెంట్ వ్యూయరూ పనిచేయదు.

అర్ధరాత్రి కోడర్:
ఇది నేను మొదట చెప్పవలసిన మాట. మరిచాను. తెనాలి గారూ, ముందు కాపీ, తర్వాతే మిగతావి.

తెనాలి స్టూడియో:
మూడు సాయంత్రాలు పట్టింది. కాపీ ఎక్కడా ఆగలేదు, డిస్కు క్షేమం. బొమ్మలు ఆపితే ఫోల్డర్ రాయిలా నిలబడింది. ఈవెంట్ వ్యూయర్‌లో పదకొండు ఎర్ర గుర్తులు, అన్నింటిలో ఒకే డీఎల్ఎల్ పేరు. అది రెండేళ్ల క్రితం పాత క్యామ్‌కార్డర్ ఫైళ్లు ఆడించడానికి నేనే దించిన కోడెక్ ప్యాక్‌ది. ఎక్కించిన సంగతే మరిచిపోయాను.

మాస్టారి పద్ధతిలో ఏడో సారికి ఫైలు దొరికింది. 1.9 జీబీ ఎంపీ4. తలంబ్రాల వేళ రెండో కెమెరాకు బ్యాటరీ అయిపోయింది, అప్పటిది. వీడియోలన్నీ ఆడుతున్నాయని మొదట రాశాను కదా, అది తప్పు. నా ప్లేలిస్టులో ఈ ఫైలే లేదు. వీఎల్‌సీ కూడా దీన్ని తెరవలేకపోతోంది.

ప్యాక్ తీసేసి బొమ్మలు మళ్లీ పెట్టాను. ఫోల్డర్ కూలడం లేదు. ఆ ఒక్క ఫైలుకు మాత్రం మామూలు ఐకన్ వస్తోంది.

పెంగ్విన్ పక్షం:
చూశారా, అదే చెత్త ఫైలు, విండోస్ సొంత భాగం చదవలేక ఊరుకుంది. ప్యాక్ చదవలేక ఇల్లంతా కూల్చింది. అయినా తలుపు తెరిచిందెవరు అన్న నా ప్రశ్న అలాగే ఉంది.

అర్ధరాత్రి కోడర్:
అలాగే ఉండనివ్వండి. తెనాలి గారూ, ఆ ఫైలును చెరిపేయకండి. చాలా కెమెరాలు ఎంపీ4లో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే పట్టికను రికార్డింగ్ ఆపినప్పుడు చివర్లో రాస్తాయి. బ్యాటరీ పోతే బొమ్మ, శబ్దం ఉంటాయి, పట్టిక ఉండదు. అన్‌ట్రంక్ అనే ఉచిత సాధనం ఉంది. అదే కెమెరాతో, అదే సెట్టింగులతో తీసిన మంచి వీడియో ఒకటి చూపిస్తే, దాన్నిబట్టి పట్టికను తిరిగి కట్టడానికి ప్రయత్నిస్తుంది. పూర్తిగా వస్తుందని హామీ ఇవ్వలేను. అసలు ఫైలు మీద కాదు, కాపీ మీదే చేయండి.

స్క్రూడ్రైవర్:
మూడు సాయంత్రాలు కూర్చునే ఓపిక ఉన్న కస్టమరును నేనింతవరకు చూడలేదు. కాబట్టి మా బల్ల మీద ఫార్మాట్ కొనసాగుతుంది. కానీ ఇకమీదట ముందు ఈవెంట్ వ్యూయర్ ఒకసారి తెరుస్తాను, దానికి డబ్బు తీసుకోను.

లెక్కల టీచర్:
ఫార్మాట్ చేసినా మర్నాడు ఆయన అదే ప్యాక్‌ను మళ్లీ దించేవారు. ఆ లెక్క కూడా వేసుకోండి.

తెనాలి స్టూడియో:
అన్‌ట్రంక్‌తో పదకొండు నిమిషాల వీడియో తిరిగి వచ్చింది. మధ్యలో ఒకచోట శబ్దం పెదవులకు కలవడం లేదు, అక్కడ సన్నాయి పెట్టి సర్దుతాను. బ్యాటరీ సంగతి పెళ్లికూతురి తండ్రిగారికి ఇంకా చెప్పలేదు.