అప్‌డేట్: బౌడికా అంత పెద్ద సైన్యంతో ఎలా ఓడిపోయింది?

పోయిన నెల అడిగాను: క్రీ.శ. 60-61లో బ్రిటన్‌లో ఐసెనీ తెగ రాణి బౌడికా మూడు రోమన్ పట్టణాలను తగలబెట్టింది, మరి ఒక్క యుద్ధంతో అంతా ఎలా కూలిపోయింది అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

బ్రిటన్‌లోని రోమన్ గవర్నర్ సుయెటోనియస్ పౌలినస్ దగ్గర ఉన్నది దాదాపు 10,000 మంది. అతను లండన్‌ను కాపాడలేనని వదిలేశాడు. వెనక అడవి, ముందు ఇరుకు దారి ఉన్న చోటు చూసుకుని నిలబడ్డాడు. అంత ఇరుకులో ఎంతమంది ఉన్నా ఒకేసారి మీద పడలేరు. పైగా బ్రిటన్లు తమ గెలుపు చూపించాలని భార్యలను బళ్ల మీద తెచ్చి మైదానం అంచున నిలిపారు. వెనక్కి పరిగెత్తాల్సి వచ్చినప్పుడు ఆ బళ్లే దారికి అడ్డం పడ్డాయి. చనిపోయిన బ్రిటన్లు 80,000, రోమన్లు 400 అని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. గెలిచినవాళ్ల లెక్క కాబట్టి నేను పూర్తిగా నమ్మను. కానీ ఆడవాళ్లను కూడా వదల్లేదన్న మాట చదివాక చాలాసేపు మనసు బాగోలేదు.

"తర్వాత ఏమైందో కూడా చూడండి" అని ఒకరు అన్నారు. అదే నాకు బాగా ఉపయోగపడింది. యుద్ధం మీద ఆశతో బ్రిటన్లు విత్తనాలు వేయలేదు, దాంతో కరువు. పౌలినస్ ప్రతీకారం ఆపలేదు. కొత్తగా వచ్చిన ఆర్థికాధికారి క్లాసిసియానస్, ఇతన్ని మారిస్తే తప్ప గొడవలు ఆగవని రోముకు రాశాడు. చివరికి పౌలినస్‌ను మార్చారు. క్లాసిసియానస్ సమాధి రాళ్లు లండన్‌లో దొరికాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ సమాధి కట్టించింది అతని భార్య.