డౌన్ సిండ్రోమ్: 34 ఏళ్లకే మతిమరుపు మొదలైనట్టేనా?

ప్రశ్న: డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే ఒక క్రోమోజోము అదనంగా ఉండే స్థితి) ఉన్న 34 ఏళ్ల వ్యక్తి మూడు నెలలుగా మాట తగ్గించేసి, తెలిసిన పనులే మధ్యలో వదిలేస్తుంటే అది అల్జీమర్స్ (మతిమరుపు జబ్బు) అనుకోవాలా?

జవాబు 1: తొందరపడకండి. డౌన్ సిండ్రోమ్‌లో కూడా 40 లోపు అల్జీమర్స్ అరుదు. ముందు రక్తంలో టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 (ఈ రెండూ థైరాయిడ్‌కు), విటమిన్ బీ12 పరీక్షలు చేయించండి. థైరాయిడ్ పరీక్ష ఎలాగూ ఏటా ఉండాల్సిందే. వీళ్లకు చెవి రంధ్రాలు సన్నం కాబట్టి గులిమి గట్టిపడి వినికిడి తగ్గుతుంది. వినపడక ఊరుకుంటే మర్చిపోయారని అనుకుంటాం. కంటిలో శుక్లాలున్నాయేమో కూడా చూపించండి. నడక మారినా, చేతుల్లో బలం తగ్గినా, మూత్రం ఆపుకోలేకపోయినా అది మెడ ఎముకల మధ్య వెన్నుపాము నొక్కుకోవడం కావచ్చు. అప్పుడు ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

జవాబు 2: నిద్ర సంగతి మరవద్దు. గురక, కూర్చుని నిద్రపోవడం ఉంటే స్లీప్ స్టడీ (నిద్రలో శ్వాస ఆగుతోందేమో చూసే పరీక్ష) అడగండి. సీపాప్ (నిద్రలో మాస్క్ ద్వారా గాలి పంపే మెషీన్) ఇచ్చాక మొదటి రాత్రే తగిలిస్తే పీకేస్తారు. పగటిపూట, మెషీన్‌కు తగిలించకుండా, ఐదు నిమిషాలు ఉత్త మాస్క్‌తో మొదలుపెట్టాలి.

జవాబు 3: ఇంట్లో ఎవరైనా చనిపోయారా, దూరం వెళ్లారా? ఆ దిగులు నెలల తర్వాత బయటపడొచ్చు. ఇంకోటి, బాగున్నప్పుడే బట్టలు వేసుకోవడం, సంతకం, మాట్లాడే తీరు ఫోన్‌లో వీడియో తీసి ఉంచాలి. 40 దాటాక ఏటా చేసే మతిమరుపు పరీక్షలో డాక్టరు పోల్చి చూసేది దాంతోనే.