పాత దూరదర్శన్ సాహిత్య, సంగీత కార్యక్రమాల వీహెచ్‌ఎస్ టేపులు: బూజు, వంగిపోయే బొమ్మ, వెనకపడే ధ్వని

గంటస్తంభం (విజయనగరం):

అందరికీ నమస్కారం. ఇక్కడ ఒక చిన్న గ్రంథాలయానికి 22 వీహెచ్‌ఎస్ టేపులు వచ్చాయి. అన్నీ దూరదర్శన్‌లో వస్తుండగా ఇంటి వీసీఆర్‌లో పట్టినవే. లేబుళ్ళ మీద పెన్నుతో "ద్వారం వారి వయొలిన్ – టీవీ", "నారాయణదాసు హరికథ", "కథకులతో ముఖాముఖి", "తప్పెటగుళ్ళు" అని ఉంది. తేదీ ఒక్కదాని మీదా లేదు. వీటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాలి.

ఇబ్బందులు ఇవి: 9 టేపులకు క్యాసెట్ మీది కిటికీలోంచి చూస్తే తెల్లటి బూజు కనిపిస్తోంది. మిగతావాటిలో బొమ్మ పైభాగం కుడివైపుకి కొక్కెంలా వంగుతోంది. చిన్న యూఎస్‌బీ పరికరంతో పట్టి చూస్తే 40 నిమిషాల టేపు చివరికి వచ్చేసరికి ధ్వని 2 సెకన్లు వెనకపడింది. వయొలిన్ దుప్పటి కప్పినట్టు మందంగా వినిపిస్తోంది. పని చేసే వీసీఆర్ ఒక్కటే ఉంది.

రీలుచక్రం:

ఏదీ ఆడించకముందే, ప్రతి టేపు వెన్ను మీద ఎడమ మూలనున్న ప్లాస్టిక్ నాలుక విరగ్గొట్టండి. అది ఉన్నంతసేపూ పొరపాటున రికార్డ్ నొక్కితే పాతది చెరిగిపోతుంది.

బూజు టేపులు ఆ ఒక్క వీసీఆర్‌లో పెట్టకండి. బూజు హెడ్లకు (టేపు మీది బొమ్మనీ ధ్వనినీ చదివే భాగాలు) అంటుకుని తర్వాత పెట్టే మంచి టేపుకీ పాకుతుంది. ఆ 9 వేరు చేసి, మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్, తేమ కొలిచే ఒక హైగ్రోమీటర్‌తో పాటు పెట్టండి. తేమ 40 శాతం దగ్గర నిలబడ్డాక రెండు వారాలు అలాగే ఉంచండి. ఎండలో పెట్టొద్దు, వేడికి టేపు వంకర తిరుగుతుంది. ఆరిన బూజు పొడిలా రాలుతుంది, తడిది మాత్రం తుడిస్తే పూసుకుపోతుంది. అందుకే ఈ ఓపిక.

ఆరాక ఎన్95 మాస్కు పెట్టుకుని ఆరుబయట తుడవాలి. ఒకప్పుడు వీడియో లైబ్రరీల్లో వాడిన రివైండర్ దొరికితే మంచిది, అందులో టేపు హెడ్లకు తగలదు. క్యాసెట్ ముందు మూత తీసేసి, నూలు రాలని గుడ్డను టేపుకి రెండు వైపులా తేలిగ్గా ఆనించి మొత్తం ఒకసారి చుట్టించండి. గుడ్డ మాటిమాటికీ మడత మార్చాలి. క్యాసెట్ డొల్ల లోపల కూడా బూజు ఉంటే అడుగున 5 స్క్రూలు విప్పి, రీళ్ళను శుభ్రమైన డొల్లలోకి మార్చండి. విప్పేముందు లోపల టేపు ఏ రోలర్ల మీదుగా పోతోందో ఫోటో తీసుకోండి.

హెడ్లు తుడవడానికి దూది పుల్ల పనికిరాదు, పోగు చిక్కుకుంటే హెడ్ కొన విరుగుతుంది. తెల్ల కాగితం మడిచి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, డ్రమ్‌కి (హెడ్లు అమర్చి ఉండే, తిరిగే గుండ్రటి భాగం) ఆనించి కదపకుండా పట్టుకోండి. రెండో చేత్తో డ్రమ్ పైభాగాన్ని నెమ్మదిగా తిప్పండి. కాగితాన్ని పైకీ కిందకీ రుద్దితే హెడ్ పోయినట్టే. పూర్తిగా ఆరాకే టేపు పెట్టాలి.

బొమ్మ వంగడానికీ ధ్వని వెనకపడటానికీ కారణం ఒకటే. టేపు సాగడం వల్ల బొమ్మలోని ఒక్కో అడ్డగీత రావాల్సిన సమయానికి రాదు. పాత పిక్చర్ ట్యూబ్ టీవీలు దాన్ని సర్దుకునేవి, యూఎస్‌బీ పరికరం సర్దుకోలేక ఫ్రేములు వదిలేస్తుంది. మన టీవీ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు, కాబట్టి 2 సెకన్ల తేడా అంటే 50 ఫ్రేములు పోయాయన్నమాట. ధ్వనిని కుదించి అతికించకండి, పోయిన ఫ్రేములు ఎలాగూ తిరిగిరావు. మధ్యలో టైమ్ బేస్ కరెక్టర్ (గీతల సమయం సరిచేసే పరికరం) పెట్టి మళ్ళీ పట్టాలి. అసలుది ఖరీదెక్కువ. దానికి బదులు పానసోనిక్ డీఎంఆర్-ఈఎస్10 డీవీడీ రికార్డర్ సెకండ్‌హ్యాండ్‌లో తీసుకోండి. డిస్క్ మీద రాయనక్కర్లేదు, వీసీఆర్ నుంచి దాని గుండా సిగ్నల్ పోనిస్తే చాలు, వంకర చాలావరకు సర్దుకుంటుంది.

పట్టేటప్పుడు వర్చువల్‌డబ్ అనే ప్రోగ్రాములో 720 బై 576, 25 ఫ్రేములు, ఇంటర్‌లేస్డ్‌గానే (ఒక్కో ఫ్రేము రెండు సగాలుగా), నాణ్యత పోకుండా కుదించే హఫ్‌వైయూవీలో. గంటకు సుమారు 35 జీబీ. టేపు 3 గంటల లెక్కన 22 టేపులకు 66 గంటలు, అంటే 2.3 టీబీ. 4 టీబీ డిస్కులు రెండు కొని, ఒకటి వేరే ఇంట్లో ఉంచండి.

బొమ్మ అడుగున ఆరేడు గీతలు చిందరవందరగా ఉంటే కంగారుపడొద్దు, వీహెచ్‌ఎస్‌కి అది మామూలే.

శ్రుతిపెట్టె:

వయొలిన్ సంగతి నేను చెబుతాను. వీహెచ్‌ఎస్ మామూలు ధ్వని టేపు అంచున సన్నటి గీతగా ఉంటుంది. నిమిషానికి మీటరున్నర లోపే నడుస్తుంది కాబట్టి 10 కిలోహెర్ట్‌జ్ దాటి ఏమీ పెద్దగా మిగలదు. రికార్డు చేసిన వీసీఆర్‌లో ఆడియో హెడ్ ఒక కోణంలో, ఆడించే దాంట్లో ఇంకో కోణంలో ఉంటే ఆ ఉన్న పై స్వరాలూ పోతాయి. కమాను గరుకుదనం వినపడకుండా పోయేది ఇక్కడే.

ముందు ఇంకో వీసీఆర్ దొరికితే దాంట్లో విని చూడండి. లేకపోతే డ్రమ్ దాటాక కుడివైపున్న ఆడియో హెడ్ కోణపు స్క్రూ మీద మార్కర్‌తో గీత పెట్టి, హెడ్‌ఫోన్స్‌లో వింటూ ఎనిమిదో వంతు చుట్టుకి మించకుండా అటూ ఇటూ తిప్పండి. బుసబుస ఎక్కడ బాగా పదునెక్కుతుందో అదే సరైన చోటు. ఆ టేపు అయ్యాక గీత దగ్గరికి తెచ్చేయండి. పక్కనే ఎత్తూ వాలూ సరిచేసే స్క్రూలు ఉంటాయి, వాటిని ముట్టుకోవద్దు.

నాయిస్ రిడక్షన్ మాత్రం వద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. ఆ ప్రోగ్రాములు ఎడతెగకుండా ఒకేలా ఉన్న ధ్వనిని రొదగా లెక్కేస్తాయి. తంబురా శ్రుతి సరిగ్గా అలాంటిదే! బుసతో పాటు తంబురా కూడా పోయి, గాత్రం గాల్లో వేలాడుతుంది. హరికథలో చిడతల మోగుడు కూడా మొద్దుబారుతుంది. 50 హెర్ట్‌జ్ గుంయ్‌మనే రొద ఉంటే లాప్‌టాప్ ఛార్జర్ పీకి బ్యాటరీ మీద పట్టండి, చాలాసార్లు అక్కడే పోతుంది. ధ్వని 48 కిలోహెర్ట్‌జ్‌లో, ఎంత పెద్ద శబ్దమైనా మైనస్ 6 డెసిబెల్ దాటకుండా.

ఇంకో మాట. ఆ టేపుల్లో సినిమా పాటలు ఉంటే వాటిని బట్టి గాయకుల శ్రుతి తేల్చకండి. సెకనుకు 24 ఫ్రేముల సినిమాని టీవీలో 25తో వేస్తారు కాబట్టి శ్రుతి హార్మోనియం మీద ఒక మెట్టు కన్నా కాస్త తక్కువగా పెరుగుతుంది. స్టూడియో కచేరీకి ఈ తేడా ఉండదు.

నాగావళి (శ్రీకాకుళం):

తేదీల గురించి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1964లో పోయారు. హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది 1977లో. కాబట్టి ఆ టేపులో ఉన్నది ఆ కుటుంబంలో మరొకరైనా అయ్యుండాలి, ఆయన పాత ధ్వనికి ఫోటోలు జోడించిన స్మారక కార్యక్రమమైనా కావాలి. నారాయణదాసు గారు 1945లోనే వెళ్ళిపోయారు, అంటే ఆయన రచనను వేరే భాగవతార్ చెప్పి ఉంటారు. ఆడించి, మొదటా చివరా పడే పేర్లు చూసి రాసుకోండి. లేబుల్ నమ్మి ఫైలుకి పేరు పెట్టొద్దు.

కార్యక్రమం ముందూ వెనకా పడ్డ వార్తల ముక్క, ప్రకటన, అనౌన్సరు మాట, గడియారం ఏదీ కత్తిరించకండి. తేదీ పట్టిచ్చేవి అవే. టేపు ఖరీదు కావడంతో టీవీ కేంద్రాల్లో పాతవి చెరిపి మళ్ళీ వాడేవారు, చాలా కార్యక్రమాలు నేరుగా ప్రసారమై అక్కడితో సరి. ఇంట్లో పట్టిన టేపే మిగిలిన ఒకే ప్రతి కావచ్చు.

తప్పెటగుళ్ళ టేపుకి ప్రత్యేకంగా ఒక జాగ్రత్త. చూడటానికి ఇచ్చే కాపీని సెకనుకు 25 కాకుండా 50 ఫ్రేములుగా డీఇంటర్‌లేస్ చేయండి, అంటే ఫ్రేములోని రెండు సగాలనూ విడి ఫ్రేములుగా మార్చండి. ఛాతీకి కట్టిన గుండ్రటి రేకు మీద రెండు చేతులూ పడే వేగానికి 25 చాలదు. చేయి ఎత్తినట్టు, మళ్ళీ ఎత్తినట్టు ఉంటుంది, మధ్యలో దెబ్బ కనపడదు. నేర్చుకునే పిల్లలకి చూడాల్సింది ఆ దెబ్బే కదా.

గంటస్తంభం:

చాలా మేలు చేశారండీ. రెండు అనుమానాలు. ఒక టేపులో బొమ్మ నలుపు తెలుపు. 1982కి ముందుదే అనుకోవచ్చా? ఇవి యూట్యూబ్‌లో పెట్టొచ్చా?

నాగావళి:

అనుకోకూడదండీ. రంగుల ప్రసారం 1982లో వచ్చిన మాట నిజమే. అయితే సిగ్నల్ బలహీనంగా ఉంటే వీసీఆరే రంగు ఆపేస్తుంది. బొమ్మంతా చుక్కలు చుక్కలుగా ఉండి మధ్యమధ్య ఒక్క క్షణం రంగు తొంగిచూస్తే అది రంగుల ప్రసారమే. మొత్తం ఒకసారి చూడందే తేల్చకండి.

రీలుచక్రం:

యూట్యూబ్‌లో పెట్టొద్దు. ప్రసార హక్కు 25 ఏళ్ళే అయినా, కార్యక్రమం మీద కాపీరైట్ 60 ఏళ్ళు. 1984లో మొదట ప్రసారమైనదానికి 2044 చివరి దాకా అన్నమాట. పైగా కళాకారుల హక్కులు, రచయితల హక్కులు వేరు. గ్రంథాలయం వ్యాపారానికి కాకుండా ప్రజల కోసం నడిచేదైతే, తన దగ్గరున్న ప్రతిని భద్రపరచడానికి డిజిటల్‌గా దాచుకోవచ్చు. కాపీరైట్ చట్టం 52(1)(ఎన్) ఆ వీలు ఇస్తుంది. అంతకుమించి బయటపెట్టాలంటే దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతికి టేపుల జాబితాతో రాసి అనుమతి అడగండి.

టేపులు మాత్రం పారేయకండి. పట్టడం అయ్యాక చివరిదాకా చుట్టి, పుస్తకాల్లా నిలబెట్టి, పాత లేబుల్ పీకకుండా అలాగే ఉంచండి.