ఎవరికి ముందు సాయం: మాంటా టేకు చేపకా, లార్డ్ హౌ పుల్లపురుగుకా?

నీలికెరటం: ఏ జీవికి అంతరించే ముప్పు ఎంతో చెప్పే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ (ఐయూసీఎన్) రెడ్ లిస్టులో సముద్రపు పెద్ద మాంటా 'ఎండేంజర్డ్' (అంతరించే ప్రమాదంలో ఉన్నది). ఆస్ట్రేలియాలోని లార్డ్ హౌ దీవి పుల్లపురుగు ఇంకా ప్రమాదంలో, దానికి ఒక మెట్టు పైన, 'క్రిటికల్లీ ఎండేంజర్డ్'. ఒకటి మృదులాస్థి చేప (గట్టి ఎముకల బదులు మెత్తటి ఎముకలున్నది), రెండోది కీటకం. రెండూ జంతువులే అన్న మాట తప్ప దగ్గరి చుట్టరికం లేదు. సాయం ముందు పురుగుకే అందాలి. కాదంటారా?

పుస్తకాలపురుగు: కాదనే అంటాను. 1918లో ఒక ఓడ ఒడ్డున చిక్కుకుని ఎలుకలు దిగాక ఆ పురుగు దీవిలో తుడిచిపెట్టుకుపోయింది. 2001లో దగ్గర్లోని బాల్స్ పిరమిడ్ అనే రాతి దిబ్బ మీద పాతిక లోపే కనిపించాయి. అయినా 2003లో రెండు జంటలు తెచ్చి పెంచితే వేలల్లో పుట్టాయి! మాంటాకు ఈతకు సాధారణంగా ఒక్కటే పిల్ల, అదీ ఏళ్ల తేడాతో. మొప్పల వ్యాపారం కోసం పట్టేస్తుంటే ఆ లోటు ఏ జూ పూడుస్తుంది?

నీలికెరటం: జూలో పెరిగినవి లెక్కలోకి రావండీ. రెడ్ లిస్ట్ చూసేది సహజ ఆవాసంలో ఎన్ని మిగిలాయనే.

తీరికమనిషి: ఆ ముద్ర ఎందుకు పడిందో కూడా చూడండి. మాంటాది తగ్గుదల లెక్క: మూడు తరాల్లో సంఖ్య సగానికి పైగా పడిపోయిందన్న అంచనా. దాని ఒక తరం సుమారు 29 ఏళ్లు, అంటే దాదాపు 87 ఏళ్ల చరిత్ర. పురుగు సమస్య వేరు. ఉన్నవే కొన్ని, అవీ ఒకే దిబ్బ మీద. ఒక్క పెద్ద తుపాను చాలు.

చిట్టచివరిబెంచీ: వర్గీకరణను ఒక్క ముక్కలో దాటేశారు గానీ అసలు మెలిక అక్కడే. 2009 దాకా మాంటా అంటే ఒకటే జాతి. రెండుగా విడదీశాక రీఫ్ మాంటా (పగడపు దిబ్బల దగ్గర తిరిగేది) 'వల్నరబుల్' అయింది, అంటే 'ఎండేంజర్డ్' కంటే ఒక మెట్టు కింద, పెద్దది 2020లో 'ఎండేంజర్డ్'కి చేరింది. పురుగు విషయంలో ఇదే తిరగబడింది. దిబ్బ మీది పురుగుల రూపం కాస్త తేడాగా ఉండటంతో వేరే జాతేమో అనుకున్నారు. 2017లో మ్యూజియం నమూనాల డీఎన్ఏతో పోల్చి ఒకటేనని తేల్చారు. వేరని తేలుంటే దీవి పురుగు అంతరించినట్టే.

నీలికెరటం: సరే, మరి 2019లో దీవిలో ఎలుకల నిర్మూలన చేపట్టారు కదా. అక్కడ శత్రువు ఒక్కటే, తీసేస్తే దారి దొరుకుతుంది. మాంటాను ఒక దేశం కాపాడినా పక్క దేశం వలలో పడుతుంది. డబ్బు పని జరిగే చోటే పెట్టాలి.

పుస్తకాలపురుగు: ఆ లెక్కన నిదానంగా పిల్లల్ని కనే ప్రతి జీవీ ఎప్పటికీ వరసలో చివరే నిలబడుతుంది. దానికి మీ దగ్గర జవాబుందా?