కాటా గదిలో కీ ఫైలు: ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ స్టోర్ మొదట ఇస్తున్నది కీ కాదు, మరేమిటి?

కాటాగది_పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి దగ్గర మా మామయ్యగారి రైసు మిల్లులో కాటా లెక్కలు నేను చూస్తాను. మూడేళ్ల కిందట ఒక తూకం చీటీలో 6 అంకెను ఎవరో దిద్ది 8 చేశారు. 164 క్వింటాళ్ల ధాన్యం 184 అయింది. నింద లారీ డ్రైవరు మీద పడింది. అతను ఆ పని చేయలేదని నేను ఆ రోజూ నమ్మాను, ఈ రోజూ నమ్ముతున్నాను. కానీ చూపించడానికి ఆధారం లేకపోయింది. అతను మళ్లీ మా మిల్లుకు బండి తోలలేదు.

ఆ తర్వాత సీ భాషలో ఒక ప్రోగ్రాం రాశాను. బండి కాటా ఎక్కగానే నిండు బరువు, ఖాళీ బరువు, తేమ శాతం, బండి నంబరు కలిపి డిజిటల్ సంతకం చేస్తుంది. ఆ సంతకం చీటీ మీద క్యూఆర్ కోడ్‌గా అచ్చవుతుంది. సరిహద్దు దాటగానే పాతపట్నంలో మాకు గోదాము ఉంది. అక్కడ దాన్ని స్కాన్ చేసి సరిచూస్తారు. చీటీ మీద ఒక్క అంకె మారినా తెలిసిపోతుంది.

ఇన్నాళ్లూ సంతకం చేసే రహస్య కీ ఉన్న ఫైలు పేరును ప్రోగ్రాంలోనే రాసి, పెమ్ ఫైలు (కీలను, సర్టిఫికెట్లను అక్షరాల రూపంలో దాచే ఫైలు) చదివే ఫంక్షన్‌తో తెరిచేదాన్ని. ముందు ముందు కీని యూఎస్‌బీ టోకెన్‌లో, అంటే కీని లోపలే దాచే చిన్న పరికరంలో, పెట్టాలని మామయ్యగారు అంటున్నారు. అందుకని కీ ఎక్కడుందో చిరునామా ఇస్తే చాలు, అదే తెచ్చిపెడుతుందని చదివి, సంతకాలకు నేను వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలోని స్టోర్ అనే భాగానికి మారాను. కొత్త కంప్యూటర్‌లో ఉన్నది మూడో వెర్షన్. చిక్కులన్నీ అక్కడే మొదలయ్యాయి.

కీ ఫైలును తెరిచి, ఒక్కో వస్తువును తెచ్చే లోడ్ ఫంక్షన్‌ను ఒకసారి పిలిచి, వచ్చినదానిలోంచి కీ అడిగితే ఖాళీ చెయ్యి చూపిస్తోంది. అదే ఫైలు పాత ఫంక్షన్‌తో ఈ క్షణంలోనూ చక్కగా తెరుచుకుంటుంది. పాతపట్నంలో సంతకాలు సరిచూసే నాలుగు సర్టిఫికెట్లున్న ఫోల్డర్ చిరునామా ఇస్తే నాలుగు వస్తువులు వస్తున్నాయి, వాటిలో ఒక్కటీ సర్టిఫికెట్ కాదు. ఇక పాత కంప్యూటర్‌లో భద్రపరచిన పీ12 ఫైలు (కీనీ సర్టిఫికెట్‌నూ కలిపి పాస్‌వర్డ్‌తో మూసేది) సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా తెరుచుకోవడం లేదు. ధాన్యం బళ్లు వరుస కట్టే రోజులు. రాత్రి కూర్చుని చూసుకోవడమే తప్ప పగలు తీరిక దొరకడం లేదు. ఎక్కడ తప్పుతున్నానో చెప్పండి.

పాతఇంజనీరు_రాయగడ

అమ్మా, ముందు ఆ కీ ఫైలును మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి, పైనుంచి మొదటి గీతల వరుస చదివి చెప్పు. కీ లోపలి అక్షరాలు మాత్రం ఇక్కడ పెట్టకు.

కాటాగది_పర్లాకిమిడి

చూశాను మాస్టారూ. మొదట "బిగిన్ ఈసీ పారామీటర్స్" అని ఉంది. దాని కింద ఒక్క చిన్న వరుస, ముగింపు గీత. ఆ తర్వాతే "బిగిన్ ఈసీ ప్రైవేట్ కీ". ఇన్నేళ్లలో ఆ పై ముక్కను నేను గమనించనే లేదు.

పాతఇంజనీరు_రాయగడ

నీ జబ్బు అదే తల్లీ. ఆ కీని నువ్వు ఈసీపారామ్ ఆదేశంతో పుట్టించి ఉంటావు. అది కీకి ముందు, కీ లెక్కకు ఏ వక్రరేఖ (ఈసీ అంటే అదే) వాడిందో చెప్పే పారామీటర్ల ముక్కను కూడా రాస్తుంది. పాత పెమ్ ఫంక్షన్ కీ కోసమే వెతుకుతుంది కాబట్టి ఆ ముక్కను దాటేసి పోయేది. స్టోర్ అలా దాటేయదు. ఫైలులో ఏది ముందుంటే అది ముందు నీ చేతిలో పెడుతుంది. మొదట వచ్చింది పారామీటర్లు. నువ్వు దాన్ని కీ ఇమ్మన్నావు, దాని దగ్గర లేదు కాబట్టి ఖాళీ వచ్చింది.

గోదాములోంచి బస్తాలు దించేటప్పుడు ఒక్కొక్కటీ విప్పి ఇది ఏ రకమో చూస్తారు కదా, ఇక్కడా అలాగే చెయ్యాలి. లోడ్ ఇచ్చిన ప్రతి వస్తువునూ ముందు నీ రకం ఏమిటని అడుగు. పేరు, పారామీటర్లు, పబ్లిక్ కీ, ప్రైవేట్ కీ, సర్టిఫికెట్, రద్దైన సర్టిఫికెట్ల జాబితా: వీటిలో ఏదో ఒకటి చెబుతుంది. కీ అయితే తీసుకో, కాకపోతే వదిలి మళ్లీ లోడ్ పిలువు. లేదా మొదటి లోడ్‌కు ముందే ఎక్స్‌పెక్ట్ ఫంక్షన్‌తో నాకు ప్రైవేట్ కీ మాత్రమే కావాలని చెప్పుకో. మొదటి లోడ్ అయ్యాక చెబితే ఒప్పుకోదు.

ఇంకొక మాట గట్టిగా చెబుతాను, నేను దీని దగ్గరే ఒక వారం పోగొట్టుకున్నాను. లోడ్ ఖాళీగా తిరిగి వచ్చిందంటే ఫైలు అయిపోయిందని అనుకోకూడదు. మధ్యలో ఒక వస్తువు చెడిపోయి ఉన్నా ఖాళీయే వస్తుంది. అయిపోయిందా అని ఈఓఎఫ్ ఫంక్షన్‌ను అడగాలి, తప్పు జరిగిందా అని ఎర్రర్ ఫంక్షన్‌ను అడగాలి. లోడ్‌ను మళ్లీ మళ్లీ పిలిచే నీ లూపు ఖాళీని చూసి ఆగిపోయేలా రాసి ఉంటే, ఈఓఎఫ్ చూసి ఆగేలా ఇవాళే మార్చు.

ఫోల్డర్ సంగతి కూడా ఇదే. ఫోల్డర్ చిరునామా ఇస్తే అది లోపలి ఫైళ్ల పేర్లు మాత్రం ఇస్తుంది. వాటి రకం "పేరు". ఎక్స్‌పెక్ట్‌తో సర్టిఫికెట్లే కావాలన్నా పేర్లు మాత్రం వస్తూనే ఉంటాయి. ఒక్కో పేరునూ మళ్లీ స్టోర్‌లో తెరిస్తేనే సర్టిఫికెట్ చేతికొస్తుంది. ప్రోగ్రాం ముట్టుకునే ముందు స్టోర్‌యుటిల్ అనే ఆదేశంతో ఆ ఫోల్డర్‌నూ కీ ఫైలునూ చూడు. లైబ్రరీ కంటికి ఏమేమి కనిపిస్తున్నాయో అది వరుసగా చెబుతుంది. 2018లో 1.1.1 వెర్షన్‌తో స్టోర్ వచ్చినప్పుడే అదీ వచ్చింది.

ఆడిట్_బల్లార్షా

పీ12 సంగతి నేను చెబుతాను. బల్లార్షాలో మా ఆడిట్ ఆఫీసులో ఇదే అవస్థ పడ్డాం. పాత వెర్షన్ పీ12 తయారు చేసేటప్పుడు సర్టిఫికెట్ భాగాన్ని 40 బిట్ల ఆర్‌సీ2 అనే పాత రహస్య లిపితో కప్పేది. అది బలహీనమైన పద్ధతి కాబట్టి 2021లో మూడో వెర్షన్ వచ్చినప్పుడు దాన్ని లెగసీ ప్రొవైడర్ (ప్రొవైడర్ అంటే ఇలాంటి పద్ధతులను అందించే భాగం) అనే వేరే అరలోకి నెట్టారు. ఆ అర మామూలుగా మూసే ఉంటుంది. మీ పాస్‌వర్డ్‌లో తప్పేమీ లేదు. పీకేసీఎస్12 ఆదేశానికి లెగసీ అనే గుర్తు జోడించి ఒకసారి బయటికి తీయండి. దాన్నే కొత్త పీ12గా మళ్లీ కట్టండి. ఈసారి ఏఈఎస్ 256 అనే బలమైన పద్ధతితో కడుతుంది. మధ్యలో వచ్చే పెమ్ ఫైలులో కీ బట్టబయలుగా ఉంటుంది, పని కాగానే చెరిపేయండి.

ప్రోగ్రాంలోనే లెగసీని తెరిచే ఆలోచన ఉంటే, దానితోపాటు డిఫాల్ట్ ప్రొవైడర్‌ను కూడా మీరే లోడ్ చేయాలి. ఒకదాన్ని చేత్తో పిలిచాక రెండోది తనంతట తాను రాదు. అది తెలియక మేము మామూలు పద్ధతులే మాయమయ్యాయని బెంబేలెత్తిపోయాం. ఒక్క ఫైలు కోసం మీకు అంత అవసరం లేదు.

టోకెన్‌కు మారినప్పుడు చిరునామా పీకేసీఎస్11 అని మొదలవుతుంది. దాని రాత పద్ధతి ఆర్ఎఫ్‌సీ 7512 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో ఉంది. ఫైలు చిరునామాలు లైబ్రరీకి పుట్టుకతోనే తెలుసు, దీనికి మాత్రం వేరే ప్రొవైడర్ పెట్టుకోవాలి. ఆ చిరునామాలోనే పిన్ రాసే వీలుంది. రాయకండి, అది లాగ్ ఫైళ్లలో పడుతుంది. టోకెన్‌లోంచి మీకు వచ్చేది కీ కాదు, కీని పట్టుకునే పిడి మాత్రమే. సంతకం లోపలే జరుగుతుంది, కీ బయటికి రాదు. మీ మామయ్యగారి ఆలోచన చాలా మంచిది.

కాటాగది_పర్లాకిమిడి

ఇద్దరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. స్టోర్‌యుటిల్‌తో చూస్తే మాస్టారు చెప్పినట్టే మొదటి వస్తువు పారామీటర్లు, రెండోది కీ. ఎక్స్‌పెక్ట్ పెట్టాను, లూపును ఈఓఎఫ్ మీద ఆగేలా మార్చాను. పీ12 కూడా కొత్తగా కట్టాను, పెమ్ చెరిపేశాను. ఫోల్డర్‌లో నాలుగు పేర్లనూ తిరిగి తెరిస్తే మూడు సర్టిఫికెట్లు వచ్చాయి. నాలుగోది కాపీ చేసేటప్పుడు సగంలో తెగిపోయిన ఫైలు. మునుపటి లూపు అయితే ఆ ఫైలు దగ్గరే ఆగిపోయి, దాని తర్వాత ఉన్నవాటిని చూసేదే కాదు.

ఒక్కటి మిగిలింది. సర్టిఫికెట్ తీసుకుని, స్టోర్ ఇచ్చిన వస్తువును విడిచిపెట్టాక, సరిచూసేటప్పుడు ప్రోగ్రాం పడిపోతోంది.

పాతఇంజనీరు_రాయగడ

గెట్ 0 అని ఉన్న ఫంక్షన్ వాడావు కదూ? అది ఇచ్చేది అరువు. అసలు వస్తువును విడిచిపెడితే సర్టిఫికెట్ కూడా దానితోపాటే పోతుంది. గెట్ 1 వాడు, అది నీదవుతుంది. నీ పని అయ్యాక నువ్వే విడిచిపెట్టాలి.

కాటాగది_పర్లాకిమిడి

గెట్ 1 పెట్టాను, నిలబడింది. రాత్రి పదకొండు గంటలకు కాశీనగర్ నుంచి వచ్చిన బండికి చీటీ కొట్టి ఫోటో పాతపట్నం పంపాను. సంతకం సరిపోయిందని గోదాము తమ్ముడు ఫోన్ చేశాడు. అదే చీటీలో ఒక 6ను 8గా మార్చి ఇంకొక కాపీ పంపాను. తప్పు చీటీ అని వెంటనే పట్టుకుంది.