పాత కేస్‌షీట్లు పారేయొచ్చా? మా ట్రస్టు ఆసుపత్రి నోటీసు మీద మీ అభిప్రాయం

కాలనీ_కార్యదర్శి
మా చుట్టుపక్కల బస్తీలన్నిటికీ ఒక 50 పడకల ట్రస్టు ఆసుపత్రే దిక్కు. పేరు ఎందుకులెండి. కాన్పులు, మోకాలి ఆపరేషన్లు, డయాలసిస్ బాగా చూస్తారు, బిల్లు కూడా మనం భరించేలా ఉంటుంది. మొన్న ఓపీ కౌంటర్ పక్కన నోటీసు అంటించారు. అడ్మిట్ అయి అయిదేళ్లు దాటినవాళ్ల ఫైళ్లు నాశనం చేస్తారట, కావాలనుకున్నవాళ్లు నెల లోపల అర్జీ పెట్టుకుని తీసుకుపోవాలట. కారణం అడిగితే చెప్పారు. ఫైళ్లు ముందు సెల్లార్‌లో ఉండేవి. ఫైర్ ఎన్‌ఓసీ కోసం చూడటానికి వచ్చినవాళ్లు కిందంతా ఈ కాగితాలేంటన్నారు. దాంతో పైకి తెచ్చి మొదటి అంతస్తులో రెండు గదుల్లో కుక్కారు. ఇప్పుడు ఆ గదుల్లో డయాలసిస్ మంచాలు వేయాలని ఆలోచన. ఆదివారం ట్రస్టు మీటింగ్ ఉంది, కాలనీల తరఫున నన్ను రమ్మన్నారు. పారేయొచ్చంటారా, వద్దంటారా?

నల్లకోటు
ముందు చట్టం సంగతి. మెడికల్ కౌన్సిల్ 2002లో తెచ్చిన వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులు చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు ఉంచాలి. రోగి అడిగితే 72 గంటల్లో కాపీలు ఇవ్వాలి. 2023 ఆగస్టులో, ఆ కౌన్సిల్ స్థానంలో వచ్చిన నేషనల్ మెడికల్ కమిషన్ కొత్త నియమావళి తెచ్చింది కానీ ఆ నెలలోనే పక్కన పెట్టేసింది, కాబట్టి పాతదే నడుస్తోంది. ఆ లెక్కన అయిదేళ్లు ఉంచిన ట్రస్టుని తప్పు పట్టలేం.

నాకు నచ్చనిది వేరే ఉంది. అన్ని ఫైళ్లకూ ఒకే గడువు పెట్టారు. యాక్సిడెంట్లు, విషం తాగిన కేసులు, కాలిన గాయాలు, ఇలాంటి మెడికో లీగల్ ఫైళ్లు కోర్టులో తేలేదాకా ముట్టుకోకూడదు. గర్భస్రావాల అడ్మిషన్ రిజిస్టర్‌కి గడువు చివరి ఎంట్రీ నుంచి 5 ఏళ్లు, అడ్మిట్ అయిన రోజు నుంచి కాదు. పిల్లల ఫైళ్లయితే, దావా వేసే గడువు వాళ్లు మేజర్ అయ్యాకే లెక్కకొస్తుంది. పుట్టినప్పుడు ఏదైనా పొరపాటు జరిగిన బిడ్డ ఫైలు అయిదో ఏట తగలబెడితే రేపు ఆసుపత్రికే ఇబ్బంది, తన తప్పు లేదని చూపించుకోవడానికి కాగితం ఉండదు.

మోకాలు_68
నేను 2013లో అక్కడే ఎడమ మోకాలి చిప్ప మార్పించుకున్నా. ఇప్పుడు వదులైంది. వేరే చోట చూపిస్తే డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, లోపల వేసింది ఏ కంపెనీది, ఏ సైజు అని. నా దగ్గరున్న డిశ్చార్జ్ కాగితంలో ‘టీకేఆర్, ఎడమ’ అని, అంటే ఎడమ మోకాలు మార్చారని తప్ప ఇంకేమీ లేదు. ఆ వివరాల స్టిక్కర్లు ఆపరేషన్ నోట్‌కి అంటించి ఉంటాయట. అది ఫైల్లో ఉంది. ఫైలు ఆ రెండు గదుల్లో ఎక్కడో ఉంది. మోకాలు పదిహేనేళ్లు పనిచేస్తుందని చెప్పి వేసినవాళ్లు దాని కాగితం అయిదేళ్లకే పారేస్తామంటే ఎట్లా సార్?

డెస్క్‌టాప్_బాబు
హైటెక్ సిటీ ఉన్న ఊళ్లో ఇంకా ఈ చర్చా! అన్నీ స్కాన్ చేసి ఆభా నంబరుకి, అదే ప్రభుత్వం ఇచ్చే డిజిటల్ ఆరోగ్య ఖాతా నంబరుకి, లింక్ చేసేయండి. 14 అంకెల నంబరు, ఫోన్లోనే అన్నీ కనిపిస్తాయి. గదులు ఖాళీ, గొడవ ఖాళీ.

ఫైలు_మేడమ్
బాబుగారూ, నేను ఇంకో ఆసుపత్రిలో మెడికల్ రికార్డ్స్ డిపార్ట్‌మెంట్‌లోనే పనిచేస్తాను. ఆభా అనేది నంబరు మాత్రమే. రికార్డు ఎక్కడ తయారైతే అక్కడే, అంటే ఆ ఆసుపత్రి దగ్గరే ఉంటుంది. రోగి ఒప్పుకుంటే ఇంకొకరికి కనిపిస్తుంది. అంతేగానీ 2014 నాటి కాగితాన్ని ఎవరో వచ్చి స్కాన్ చేసి పెట్టరు. ఆ ఖర్చు ట్రస్టుదే.

స్కానింగ్ అంటే కాగితం పెట్టి బటన్ నొక్కడం అనుకుంటారు అందరూ. ఒక ఫైలు తీస్తే ముందు స్టేప్లర్ పిన్నులు. పాతవి తుప్పు పట్టి కాగితంలోకి దిగిపోయి ఉంటాయి, లాగితే మూల చిరుగుతుంది. టెంపరేచర్ చార్టు మడత విప్పాలి. ల్యాబ్ రిపోర్టులు ఒకదాని మీద ఒకటి అంచు అంటించి ఉంటాయి, ఒక్కోటీ పైకెత్తి తీయాలి. ఈసీజీ సంగతి ఇంకా ఘోరం. అది థర్మల్ కాగితం, కొన్నేళ్లకు గీతలు వెలిసిపోతాయి. మేము అడ్మిషన్ రోజే జిరాక్స్ తీసి పెడతాం. తీయని చోట ఇప్పుడు స్కాన్ చేసినా వచ్చేది తెల్ల కాగితమే. స్కాన్ అయ్యాక పేరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు సరిగ్గా కొట్టకపోతే ఆ ఫైలు ఉన్నట్టా, లేనట్టా?

అలాగని అన్నీ దాచమనను. ఒక ఫైల్లో సగానికి పైగా నర్సింగ్ చార్టులు, డైట్ షీట్లు, మందుల ఇండెంట్లే. అయిదేళ్ల తర్వాత వాటి కోసం ఎవరూ రారు. వచ్చేవాళ్లు అడిగేవి మొదటి పేజీ, డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్ నోట్, మత్తు చార్టు, బయాప్సీ రిపోర్టు, స్టిక్కర్లు. ఈ పేజీలు తీసి స్కాన్ చేసి మిగతావి పంపేయొచ్చు. రెండు గదుల సరుకు రెండు బీరువాలకు దిగుతుంది.

నల్లకోటు
మేడమ్, ఇక్కడ నాకో అభ్యంతరం. ఏ పేజీ ఉంచాలో ఆసుపత్రే ఎంచుకుంటే, తమకు ఇబ్బందైన పేజీ తీసేశారని రేపు ఎదుటి వకీలు అంటాడు. కోర్టులో చాలాసార్లు అసలు ప్రశ్న నర్సింగ్ చార్టు మీదే నడుస్తుంది, రాత్రి రెండింటికి బీపీ చూశారా లేదా అని. దావా గడువు దాటిన ఫైళ్లకైతే మీ పద్ధతి సరే. దాటనివి మాత్రం మొత్తంగా ఉండాలి.

ఫైలు_మేడమ్
ఒప్పుకుంటాను. పిల్లలవి, పోలీసు కేసులవి పక్కన పెట్టాకే ఈ పని.

కాన్పుల_డాక్టరమ్మ
డిశ్చార్జ్ సమ్మరీ చాలు కదా అనేవాళ్ల కోసం ఒక్క మాట. మొదటి కాన్పు సిజేరియన్ అయిన అమ్మాయి రెండోసారి వచ్చి నార్మల్‌కి ప్రయత్నించాలంటే గర్భసంచి మీద కోత ఎలా పెట్టారో నాకు తెలియాలి. సమ్మరీలో మామూలు సిజేరియన్ అనే ఉంటుంది. లోపల ఆపరేషన్ నోట్‌లో మాత్రం బిడ్డ తల ఇరుక్కుంటే కోతను పైకి పొడిగించాల్సి వచ్చిందని రాసి ఉండొచ్చు. ఆ ఒక్క లైను తెలిస్తే నేను నొప్పుల కోసం ఎదురు చూడను, ముందే ఆపరేషన్‌కి తేదీ పెడతాను. కాన్పుకీ కాన్పుకీ మధ్య ఆరేడేళ్లు వచ్చినవాళ్లు ఈ ఊళ్లో తక్కువేం కాదు.

తార్నాక_తాతయ్య
మన నగరానికి వైద్య చరిత్రలో గొప్ప పేరుంది. 1888లో, 1889లో నిజాం ఖర్చుతో, క్లోరోఫామ్ అనే మత్తుమందు ఎంత సురక్షితమో తేల్చడానికి క్లోరోఫామ్ కమిషన్లు నడిచాయి. నాటి ప్రయోగాల వివరాలన్నీ రాసి పెట్టబట్టే ఇవాళ్టికీ చదువుతున్నారు. పాత కాగితం పారేయడం పాపం.

డెస్క్‌టాప్_బాబు
తాతయ్యగారూ, అవి ఎక్కువగా కుక్కల మీద, కోతుల మీద చేసిన ప్రయోగాలండీ. వాటికి ప్రైవసీ సమస్య లేదు.

బోరబండ_బిడ్డ
అందరూ బాగానే చెప్తున్నరు. మా అన్న వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి పోతడు. ఒక్కోసారి నాలుగు గంటలు మిషన్ మీద. ఆ ట్రస్టు ఆసుపత్రిలో స్లాట్ దొరకక తెల్లవారుజామున ఇంకో మూలకు పోయి వస్తున్నం, ఆటోకే బోలెడు అయితది. పోయేటప్పుడు ఓపికగా ఉంటడు, వచ్చేటప్పుడు మెట్లు ఎక్కలేడు. ఇంటి దగ్గర రెండు గదులు కాగితాలతోని నిండి ఉన్నయి అంటే నాకు మండుతది. మోకాలు పెద్దాయనా, మీ స్టిక్కర్ మీకు దొరకాలె, కాదనను. కానీ ఈ పేజీల లెక్కలు తేలేదాకా మంచాలు ఆగాలా?

మోకాలు_68
ఆగొద్దు తమ్ముడూ. నాది వెతికి ఇస్తే నేనే తెచ్చుకుని ఇంట్లో పెట్టుకుంటా. నా బాధ వేరే. ఆ నోటీసు కౌంటర్ దగ్గర మాత్రమే ఉంది, అదీ ఇంగ్లిష్‌లో. ఆరేళ్ల కింద చూపించుకున్నవాడు ఇవాళ ఆ కౌంటర్‌కి ఎందుకొస్తాడు? తెలుగులో, ఉర్దూలో పేపర్లో వేయించాలి, మసీదు దగ్గరా గుడి దగ్గరా చెప్పించాలి.

నల్లకోటు
పెద్దాయన సరైన చోట పట్టుకున్నారు. ఇంకోటి, రోగి చనిపోయి ఉంటే ఫైలు ఎవరికిస్తారు? భార్యకా, కొడుక్కా, ఇద్దరూ వస్తే? నోటీసులో లేదు. ఒరిజినల్ ఇచ్చినప్పుడు రిజిస్టర్‌లో సంతకం, ఆధార్ కాపీ తీసుకోవాలి. లేకపోతే పక్కింటివాడు కూడా పట్టుకుపోతాడు.

నాశనం చేయడం మాటకొస్తే, కాటా వేసి చిత్తు కాగితాలవాడికి అమ్మితే మాత్రం ఊరుకోకూడదు. ఆ ఫైళ్లలో హెచ్‌ఐవీ రిపోర్టులుంటాయి, 2017 చట్టం ప్రకారం ఆ వివరం కాపాడటం సంస్థ బాధ్యత. డిజిటల్‌కి వెళ్తే 2023 డేటా రక్షణ చట్టం ఉంది. భద్రత సరిగ్గా పెట్టకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉంటుంది. అదే చట్టం, పని అయిపోయిన సమాచారాన్ని చెరిపేయమని కూడా అంటుంది. కాబట్టి ‘అన్నీ ఎప్పటికీ దాచాలి’ అనే వాదన కూడా నిలబడదు.

డెస్క్‌టాప్_బాబు
నేను ఒక్క విషయం సరిగ్గా చెప్పలేదు అనుకుంటా. స్కాన్ అంటే ఏదో మూలనున్న కంప్యూటర్లో పెట్టడం కాదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్) దాడి జరిగితే రోజుల తరబడి చేత్తో చీటీలు రాసుకున్నారు. అంత పెద్ద చోటే అలా అయింది. ట్రస్టు అయితే ఒక కాపీ నెట్‌కి కలపని డిస్క్‌లో, ఆసుపత్రి బయట ఉంచాలి. శని, ఆదివారాలు వచ్చి సెటప్ చేసి పెడతాను, డబ్బులేం వద్దు. పిన్నులు తీసే పని మాత్రం నా వల్ల కాదు, మేడమ్ చెప్పింది చదివాక భయమేసింది.

కాలనీ_కార్యదర్శి
అందరికీ థాంక్స్. మీటింగ్‌లో నేను అడగబోయేవి ఇవి. నోటీసు గడువు నెల కాదు, మూడు నెలలు కావాలి, అదీ తెలుగు, ఉర్దూల్లో. పిల్లల ఫైళ్లు, పోలీసు కేసులు కదపొద్దు. మిగతావాటిలో మేడమ్ చెప్పిన పేజీలు తీశాకే ష్రెడ్డర్. తీసే పనికి కాలనీల నుంచి మనుషుల్ని పంపమని కొందరు ఫోన్లో అన్నారు. నాకు ఇష్టం లేదు. పక్కింటావిడ ఫైలు మన చేతికి రావడం ఏం బాగుంటుంది? జీతమిచ్చి ఇద్దర్ని పెట్టుకోమంటాను, చందా మనం వేసుకుందాం.

బోరబండ_బిడ్డ
మూడు నెలలా? మంచాలు?

ఫైలు_మేడమ్
తమ్ముడూ, రెండు గదులూ ఒకేసారి ఖాళీ అవ్వాలని లేదు కదా. కార్యదర్శిగారూ, ఆదివారం వెళ్లగానే ఒకటి చూడండి. ఫైళ్లు సంవత్సరాల వరుసలో పెట్టారా, ఐపీ నంబరు చివరి అంకెల వరుసలో పెట్టారా? సంవత్సరాల వరుసైతే పాత ర్యాకులన్నీ ఒకే వైపు ఉంటాయి. వాటిని ఒక గదిలోకి సర్దేస్తే రెండోది వారంలో ఇచ్చేయొచ్చు, మంచాలు అక్కడ వేసుకోవచ్చు, పేజీల పని ఇవతలి గదిలో నడుస్తుంది. చివరి అంకెల వరుసైతే పాతా కొత్తా ప్రతి అరలో కలిసి ఉంటాయి, ఒక్కో ఫైలూ తీసి తేదీ చూడాల్సిందే. అలాగైతే మాత్రం మూడు నెలలు కూడా చాలవు.